పేరిందేవమ్మ దోసపాదు

చిత్రధ్వజుడు వృక్షవైద్యుడి వేషం ఎంచుకోవడం వెనుక చాలా ఆలోచన ఉంది. అతనికి ముందు సన్యాసి వేషంలో వెళ్ళిన రాజకుమారుణ్ణి భస్మజటుడి కోటవాకిట్లో వేదాంతం అడిగారట. జ్యోతిష్కుడి వేషంలో వెళ్ళినవాణ్ణి ముహూర్తం పెట్టమన్నారట. ఇద్దరూ ఇప్పుడు కోట బావిలో కప్పలై అరుస్తున్నారు. మొక్కల వైద్యుణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరనీ, ఒకవేళ ఏదైనా తప్పు చెప్పినా మొక్కలు ఎదురుచెప్పవనీ అతను లెక్క వేసుకున్నాడు. పద్మశైల రాజ్యానికి యువరాజు, గదాయుద్ధంలో మేటి, రెండు తలల చిరుతను ఒంటిచేత్తో కూల్చిన వీరుడు ఆ లెక్కను నమ్ముకుని తెల్లగడ్డం అంటించుకున్నాడు. వేర్లూ మూలికలూ నింపిన సంచి అడుగున కత్తి దాచుకుని, సంచి భుజాన తగిలించుకుని బయలుదేరాడు.

వసంతగిరి రాజపుత్రిక మృదులాంగిని మాంత్రికుడు భస్మజటుడు ఎత్తుకుపోయి ఆ కోటలోనే ఎక్కడో దాచాడు. ఆమెను విడిపించి తెస్తానని చిత్రధ్వజుడు నిండుసభలో మాట ఇచ్చాడు. ఇచ్చేముందు ఆమె చిత్రపటం చూశాడనీ, చూడబట్టే మాట ఇచ్చాడనీ గిట్టనివాళ్ళు అంటారు.

ఆ కోట అగ్నివాహినీ నది నడుమ, కాటుకకొండ లాంటి నల్లరాతి శిఖరం మీద ఉంది. నదిలో నీటికి బదులు నిప్పులు పారతాయి. బురుజులు మదపుటేనుగుల కుంభస్థలాల్లా ఆకాశాన్ని ఒరుసుకుంటూ ఉంటాయి. సింహద్వారం తలుపులకు బిగించిన ఇనుప గబ్బిలాలు పగలంతా రెక్కలు ముడుచుకుని వచ్చేపోయేవాళ్ళను కళ్ళతో తూకం వేస్తుంటాయి. సూర్యుడు సైతం ఆ కొండమీదికి వచ్చేసరికి ఒక మబ్బును చాటు చేసుకుని గబగబా దాటిపోతాడు. పాదాలకు పూసుకున్న మంత్రలేపనం పుణ్యమా అని చిత్రధ్వజుడు నిప్పుల మీద నడిచి అవతలి ఒడ్డు చేరాడు. వాకిలి కాసే పిశాచాలు ఎవరు నువ్వని గర్జించాయి. తాను వృక్షవైద్యుణ్ణని అతను చెప్పాడో లేదో, వాటి ముఖాల్లో ఎక్కడలేని వెలుగూ వచ్చింది. రెండు పిశాచాలు చెరో రెక్కా పట్టుకుని, అతని కాళ్ళు నేలకు ఆననీయకుండా పరుగెత్తి, కోట వెనకభాగంలో ఒక ముసలావిడ ముందు దించి, తమ పని అయిందన్నట్టు ఊపిరి పీల్చుకున్నాయి.

ఆమె పేరిందేవమ్మ, భస్మజటుడి కన్నతల్లి. మూడు లోకాలనూ వణికించే కొడుకును కన్నా ఆమెకు ఆ గర్వం పెద్దగా లేదు. ఆమె గర్వమంతా ఆ కొండమీద మట్టి మోయించి పెంచిన పెరటితోట మీద ఉంది. బీరతీగలూ ఆనపతీగలూ అల్లుకున్న పెద్ద పందిరి, దాని కింద చల్లటి నీడ, పక్కన బచ్చలిమడి, చిక్కుడుపాదులు, ఆ చివర పచ్చటి చాపలా పరుచుకున్న దోసపాదు. ఇంత అందమైన తోట పొద్దు పొడిచేసరికి దోపిడీ జరిగిన ఇల్లులా ఉంటోంది. ఎవరు తింటున్నారో, ఎటునుంచి వస్తున్నారో అంతు చిక్కడంలేదు. కొడుకుతో చెబితే మొదట తోటచుట్టూ అగ్నివలయం వేశాడట. చిక్కుళ్ళు వేగిపోయాయి. తర్వాత పిశాచాలను కాపలా పెట్టాడట. అవి మనిషి వస్తాడేమోనని పైకి చూస్తూ కూర్చున్నాయి తప్ప కిందికి చూడలేదు.

"సముద్రాన్ని పుక్కిట పడతాడట. తల్లి దోసపాదు కాపాడలేడు. దొంగను పట్టావా, నువ్వు అడిగింది ఇప్పిస్తాను నాయనా. పట్టలేదంటావా, మా జటిగాడు నిన్నేం చేస్తాడో నేను చెప్పలేను. ఈమధ్య బావిలో కప్పల గోల మరీ ఎక్కువైంది" అంది పేరిందేవమ్మ.

చిత్రధ్వజుడు గడ్డం నిమురుకున్నాడు. అందులో గాంభీర్యం కొంత, గడ్డం ఊడలేదు కదా అన్న అనుమానం కొంత. తోటలోకి దిగి ఒక తీగ ముందు చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, ఈ బీరకు పైత్యం చేసిందన్నాడు. అది ఆనప అని పేరిందేవమ్మ మెల్లగా చెప్పింది. ఆనపకైనా పైత్యం పైత్యమేనని అతను ముందుకు నడిచాడు.

చిక్కుడుపాదు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వైద్యుడు పోయి వేటగాడు మేలుకున్నాడు. తీగల కొసలు పీచుపీచుగా చిరిగి ఉన్నాయి. కుందేలైతే కొడవలితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా కొరుకుతుంది. ఇలా చీరినదంటే పైదవడకు ముందుపళ్ళు లేని జంతువు, ఆకును పట్టి గుంజి తింటుంది. చిరుగులన్నీ నడుమెత్తున ఉన్నాయి. పక్క రాతికి నల్లటి వెంట్రుకలు నాలుగు అంటుకున్నాయి.

"కోటలో జింక ఉందా అమ్మా" అని అడిగాడు.

ఉంది. భస్మజటుడు తన చేత్తో గరిక తినిపించి పెంచుకుంటున్న నల్లజింక. దాని సాధుగుణం చూసి అతనే శాంతుడని పేరు పెట్టాడు. కట్టకుండా కోటంతా తిరగనిచ్చాడు. పిశాచాలు దాన్ని తోలుకువచ్చేసరికి ఆ సాధుజంతువు కొమ్ముకు ఒక చిక్కుడుతీగ, కాయలతో సహా, చుట్టుకుని ఉంది.

భస్మజటుడు వచ్చేటప్పుడు ముందు గాలి స్తంభిస్తుంది. తర్వాత కాకులు లేచిపోతాయి. ఆ తర్వాత మోకాళ్ళదాకా వేలాడే బూడిదరంగు జడలూ, వాటి నడుమ నిప్పుకణాల్లాంటి రెండు కళ్ళూ కనిపిస్తాయి. ఇప్పుడూ అలాగే వచ్చాడు. చిత్రధ్వజుడి చెయ్యి తనకు తెలియకుండానే సంచి అడుక్కి పోయింది. కానీ మాంత్రికుడు వైద్యుడి వైపు చూడనైనా లేదు. జింక కొమ్ముకున్న తీగను చూశాడు, తల్లి ముఖం చూశాడు, బూడిదజడలు నేలకు తగిలేలా తలవంచుకున్నాడు. పేరిందేవమ్మ అరవలేదు. పలుపుతాడు ఎక్కడుందో చెప్పి, కొడుకు చేతే జింకను కట్టించింది.

ఇక బచ్చలిమడి. ఆకులన్నీ జల్లెడ చిల్లుల్లా ఉన్నాయి. అడుగుజాడ లేదు, వెంట్రుక లేదు, గిట్టగుర్తు లేదు. చిత్రధ్వజుడు జీవితంలో జింకకంటే చిన్నదాన్ని వేటాడలేదు. నేలమీద మోకాళ్ళు ఆన్చి, లేచి, మళ్ళీ ఆన్చి, చివరికి ఇది నేల తాకకుండా గాలిలో ఎగిరే అదృశ్యమృగమనీ, దాన్ని పట్టాలంటే శబ్దవేధి బాణం కావాలనీ తేల్చాడు. పేరిందేవమ్మ అంతా ఓపిగ్గా విని, కాలితో ఒక పగిలిన కుండపెంకును తిరగేసింది. కింద నత్తలు గుంపుగా, తిని పడుకున్న పెళ్ళివారిలా ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. అక్కడినుంచి బచ్చలిమడిదాకా వెండిజరీలా జిగురుచార ఎండకు మెరుస్తోంది.

"శబ్దవేధి దాకా ఎందుకులే" అందామె.

నత్త బూడిద దాటదని ఆమెకు తెలుసు. జిగురుకు పొడిబూడిద అంటుకుంటే దానికి కదలిక సాగదు. కానీ తడిసిన బూడిద పనిచెయ్యదు, పొయ్యి బూడిద చాలదు. కొడుకు హోమశాలలో గాదెల నిండా ఉంది. రాజ్యాలు దహించి తెచ్చిన భస్మమని, చిటికెడు చల్లితే సైన్యం మూర్ఛపోతుందని భస్మజటుడు అడ్డుపడబోయాడు. నత్తలకు ఇంకా మంచిదని ఆమె గంపలు ఎత్తించింది. చిత్రధ్వజుడు నత్తలను ఏరి గోడ అవతలికి విసిరాడు. బచ్చలిమడి చుట్టూ బూడిద కట్ట పోశాడు. పిశాచాల చేత తుమ్మముళ్ళు కొట్టించి దోసపాదుకు కంచె వేయించాడు. దొంగ ఎవరైనా అడుగుజాడ పడాలని కంచె లోపలా బయటా జల్లెడపట్టిన బూడిద పలచగా పరిచాడు. ఆ సాయంత్రం కోటలో భస్మజటుడి నుదుటికి తప్ప అన్నిటికీ బూడిద దొరికింది.

తెల్లవారింది. చిక్కుడు చెక్కుచెదరలేదు. బచ్చలి ముట్టలేదు. బూడిద కట్ట దగ్గరదాకా వచ్చిన జిగురుచారలు అక్కడే వెనక్కి తిరిగాయి. దోసపాదులో మాత్రం లేతకాయలు మాయం. కంచె ముళ్ళు అలాగే ఉన్నాయి. వాటికింద కుండ పట్టేంత గొయ్యి తవ్వి ఉంది. బూడిదలో చంటిపిల్లాడి పాదంలా మడమతో సహా పడిన గుర్తులు, వేళ్ళకొసల గోళ్ళు, వెనకాల చీపురు ఈడ్చినట్టు గీతలు. గొయ్యి అంచున నలుపూ తెలుపూ పట్టెలున్న ఒక ముల్లు.

"ఏదుపంది" అన్నాడు చిత్రధ్వజుడు, ఈసారి నిజమైన గర్వంతో.

పేరిందేవమ్మ ఆ ముల్లు తీసుకుని తల గోక్కుంది. ఏదుపంది మాంసం అల్లంవెల్లుల్లి దట్టిస్తే ఎంత బాగుంటుందో చెబుతూ రోకలి తేవడానికి వంటింటివైపు నడిచింది. అప్పుడు చూశాడతను. పాదు మొదట్లో ఒక ఆకు పరిచి ఉంది. ఆకులో దోసకాయల ముచ్చికలు. ప్రతి ముచ్చికా గుండ్రంగా కొరికి తీసి, చేదు పోవడానికి కాయకేసి రుద్దినట్టున్నారు, అంచున తెల్లటి నురగ ఆరిపోయి ఉంది. తొక్కలు విడిగా కుప్ప పోసి ఉన్నాయి. ఏదుపంది అనేది కాయను అడ్డంగా కొరికి, సగం తిని, సగం తొక్కి, వేరు కూడా పెళ్ళగించి పోతుంది. ముచ్చిక తీసి, నురగ రాచి, ఎంగిలి ఆకులో పెట్టి పోయే ఏదుపందిని అతని తాతముత్తాతలు కూడా వేటాడి ఉండరు.

ఇది మనిషి తిన్న తీరని చిత్రధ్వజుడికి తట్టింది. ఆకును గబుక్కున మడిచి సంచిలో వేసుకుని, బూడిద అంటిన అడుగుల వెంట పరుగులాంటి నడకతో పోయాడు. అవి కోట వెనకగోడ పక్కన, ఇనుపకటకటాలు బిగించిన ఒక గుహ పునాది కింద కన్నంలోకి పోయాయి. అతను నేలమీద బోర్లా పడుకుని కన్నానికి నోరు ఆనించి, లోపలున్నది వసంతగిరి రాజకుమారి మృదులాంగి గారేనా అని అడిగాడు.

కన్నంలో ముళ్ళు గలగలలాడాయి.

"దోసకాయల సంగతైతే నాకేమీ తెలియదు" అంది లోపలినుంచి మంజులమైన గొంతు.

అతను తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు. సైన్యం ఎంతుందని ఆమె అడిగింది. తానొక్కడినేనన్నాడు. ఓహో అని ఆమె ఒక్క మాటే అంది కానీ, ఆ ఓహోలో అతని బిరుదులన్నీ ఒకటొకటిగా రాలిపోయాయి. ఆమె తన కథ చెప్పింది. భస్మజటుడు రోజూ ఉదయం వచ్చి పెళ్ళాడతావా అని అడుగుతాడు. ఆమె రోజూ కాదంటుంది. పేరు మృదులాంగి, మాట చూస్తే ముళ్ళు, మాటకు తగ్గ రూపమే ఉండనిమ్మని అతను ఒకనాడు ఏదుపందిని చేశాడు. ఎండుగడ్డి పడేస్తున్నాడు. కన్నం తవ్వుకుని బయటికి రాగలదు కానీ కోటగోడకు వేసిన మంత్రం జంతురూపాన్ని దాటనివ్వదు. అన్నిటికంటే ఘోరం, రేపటి అమావాస్య దాటితే ఆమె మనిషి మాట మరిచిపోతుంది. ఆ తర్వాత నిజంగానే ఏదుపంది. విప్పుమంత్రం భస్మజటుడి నోటికొక్కదానికే వచ్చు.

ఇప్పుడే పోయి వాడి తల నరుకుతానని చిత్రధ్వజుడు లేవబోయాడు. తల నరికితే నోరు కూడా దానితోనే పోతుందని ఆమె గుర్తుచేసింది. అతను మళ్ళీ పడుకున్నాడు. పోనీ దారి దొరికేదాకా దోసపాదు జోలికి పోకుండా ఉండండి, అక్కడ అల్లం నూరుతున్నారని బతిమాలాడు.

"తమరెప్పుడైనా ఎండుగడ్డి తిని చూశారా?" అని అడిగిందామె.

అంతలో అతని వీపుమీద నీడ పడింది. రోకలి పట్టుకుని పేరిందేవమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"ముచ్చిక తీసి, నురగ రాచి తిన్నది నువ్వేనా?" అని ఆమె అతన్ని దాటి కన్నాన్ని అడిగింది.

ఏదుపంది బయటికి వచ్చింది. ముళ్ళు ఎంతవరకు వంగనిస్తే అంతవరకు వంగి నమస్కరించింది. "నేనే అవ్వా. కాయలు అమృతంలా ఉన్నాయి. ముచ్చిక తియ్యకుండా తింటే వాటికి అవమానం కదా" అంది.

రోకలి మెల్లగా నేలకు దిగింది. పేరిందేవమ్మ కళ్ళు చెమర్చాయి. తన కొడుకు పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి దోసకాయను ముచ్చికతోనే నమిలి, చేదని ఉమ్మేవాడని చెప్పుకుంది. ఇన్నాళ్ళకు తినడం తెలిసిన పిల్ల కనబడిందనీ, అటువంటి పిల్లను తెచ్చి తల్లికి చూపించకుండా గడ్డి వేసి గుహలో పెట్టాడనీ మండిపడింది. చిత్రధ్వజుడి ప్రాణం కుదుటపడబోయింది. అంతలోనే ఆమె, మధ్యాహ్నానికి ముహూర్తం బాగుందనీ, ముళ్ళదేముంది, పోతాయనీ, కోడలు పందిరికింద కూర్చుంటే తోటకే కళ వస్తుందనీ అంది.

ఏదుపంది ముళ్ళన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి.

భస్మజటుడికి కబురు వెళ్ళింది. అతను వచ్చి, అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదని నసిగాడు. ఒక్క పూట తన చేతి వంట తింటే అదే ఒప్పుకుంటుందనీ, ముందు మనిషిని చెయ్యమనీ తల్లి అంది. ఎదురుచెప్పే ధైర్యం అతనికి లేదు. ఏదుపందిని ఆనపపందిరి కింద ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసి, కట్టుమంత్రాన్ని కొసనుంచి మొదటికి చదవసాగాడు. ముళ్ళు ఒక్కొక్కటే మల్లెమొగ్గల్లా రాలాయి. గోళ్ళు మాయమై పగడాల్లాంటి వేలికొసలు వచ్చాయి. మబ్బు విడిచిన చంద్రబింబంలా ముఖం బయటపడింది. చిత్రపటం గీసినవాడు ఆమెకు ఎంత అన్యాయం చేశాడో చిత్రధ్వజుడికి అప్పుడు తెలిసింది. ఆ ఆశ్చర్యంలో అతను నోరు తెరిచాడు. నోరు తెరవగానే ఎండకు జిగురు కరిగిన గడ్డం జారి దోసపాదులో పడింది.

మంత్రం ఆగింది. మృదులాంగి నఖశిఖపర్యంతం మనిషి కావలసింది, నఖాల నుంచి చెవులదాకా అయింది. తలమీద మాత్రం జడకు బదులు నడుముదాకా నల్లపట్టెల ముళ్ళు నిలిచిపోయాయి.

"పద్మశైలం వాడివా?" అన్నాడు భస్మజటుడు.

ఆ తర్వాత జరిగినవన్నీ రెప్పపాటులో జరిగాయి. మాంత్రికుడి జడలు పాములై బుసకొట్టాయి. చిత్రధ్వజుడు సంచిలోంచి కత్తి దూసి మూడు తలలు తుంచితే ఆరు లేచాయి. పిశాచాలు గోడలు దూకి వచ్చాయి. మృదులాంగి వెనుదిరిగి తల విదిలిస్తే నాలుగు పిశాచాలు ముళ్ళు గుచ్చుకుని వచ్చినదారిన పోయాయి. ఒక పాము రాజకుమారుడి కత్తిని చుట్టి రెండుగా విరిచింది. అతను మొండికత్తితో దాని కన్ను పొడిచి, ఎగిరి పందిరి రాట పట్టుకుని, కాళ్ళతో భస్మజటుడి రొమ్మున తన్నాడు. తన తీగలు తెగుతున్నాయని పేరిందేవమ్మ ఇంకో రాటను వాటేసుకుంది.

భస్మజటుడు పడి లేచాడు. కోపంలో ముందువెనకలు చూడలేదు. చెయ్యెత్తి ఉచ్చాటనమంత్రం విసిరాడు. అది తగిలినవాడు ఉన్న చోటు విడిచి గాలికి కొట్టుకుపోవలసిందే. చిత్రధ్వజుడు ఎగిరాడు. కానీ రాట వదల్లేదు. మృదులాంగి అతని నడికట్టు వదల్లేదు. రాట నేలను వదిలింది. దానితోపాటు తక్కిన రాటలూ, వాటిమీది వెదుళ్ళూ, ఆనపలూ, బీరలూ, పేరిందేవమ్మా సమస్తం పెళపెళమని లేచి, తిరుగుడుపడి, బురుజులకు పైగా ఆకాశంలోకి పోయాయి.

కోటగోడ దాటేటప్పుడు మృదులాంగి ముళ్ళజడ నిప్పురవ్వలు చిమ్మింది. ఆమె ముప్పాతిక మనిషి కాబట్టి మంత్రం కాసేపు తటపటాయించి వదిలిపెట్టింది. కింద అగ్నివాహిని ఎర్రటి దారంలా కనిపించింది. భస్మజటుడు బురుజెక్కి, గట్టిగా పట్టుకో అమ్మా అని అరుస్తున్నాడు. ఉచ్చాటనకు విప్పు లేదని, ఎక్కడో ఒకచోట అదే దించుతుందని కూడా అరిచాడు కానీ గాలిలో సగమే వినబడింది. మరుక్షణం సింహద్వారం ఇనుప గబ్బిలాల్లో పెద్దది రెక్కలు విప్పుకుని వెనకాలే లేచింది.

చిత్రధ్వజుడు ఇద్దరు ఆడవాళ్ళనూ వెదుళ్ళమీదికి లాగి కూర్చోబెట్టాడు. ఒకామె తనను కోడలిని చేసుకుంటానంటే ఊరుకున్నందుకు అతన్ని నిలదీసింది. ఇంకొకామె, గడ్డం లేకుండా కుర్రాడు బాగానే ఉన్నాడని, కాని వైద్యం మాత్రం మానుకోమని చెప్పింది. ఇద్దరికీ అతను ఒకే జవాబుగా ముందుకు చూపించాడు.

ఎదురుగా ఆకాశానికి అడ్డం పడ్డట్టు ఒక నల్లమబ్బు. దానికి ప్రాకారాలున్నాయి. మెరుపులతో పోతపోసిన తలుపులున్నాయి. ఆ తలుపులు తెరుచుకుంటున్నాయి. ప్రాకారం పొడుగునా విల్లు ఎక్కుపెట్టిన రాక్షసస్త్రీలు వరుస తీరారు. పందిరి సూటిగా అటే పోతోంది.

పేరిందేవమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, కొంగు బిగించి, చెదిరిన జుట్టు ముడివేసుకుంది.

"అది మా చెల్లెలి కోట. దానికీ నాకూ మాటల్లేవు" అంది.

మొదటి బాణం రివ్వున వచ్చి, చిత్రధ్వజుడి చెవిపక్క ఆనపకాయలో ఈకలదాకా దిగింది.